దారి అడిగే మధ్యాహ్నం

నీరెండ పట్నంలో దెయ్యాల భయం రాత్రిపూట లేదు. రాత్రిళ్ళు అక్కడ ఎంతో హాయి. ఆడవాళ్ళు అరుగుల మీద చేరి కబుర్లాడుకుంటారు, పిల్లలు వెన్నెట్లో దాగుడుమూతలాడతారు, గాజుల వీధిలో కొలిమి వెలుగు ఎర్రగా, పచ్చగా, నీలంగా గోడల మీద చిందులేస్తుంది. భయమంతా మిట్టమధ్యాహ్నానిదే. సూర్యుడు నడినెత్తికి చేరి, మనిషి నీడ మనిషి పాదాల కిందికి ముడుచుకునే ఆ కాస్త వేళ ఉంది చూశారూ, అప్పుడు పట్నం పట్నమంతా తలుపులు బిగించుకుంటుంది. కుక్క మొరగదు. బావి గిలక తిరగదు. ఉయ్యాలలో పసిబిడ్డ కూడా, ఎవరు చెప్పారో ఏమో, ఏడుపు ఆపేస్తుంది.

సరిగ్గా అలాంటి వేళకే ఉదయభద్రుడు కోటగుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

యువరాజునని చెప్పుకునే వాలకం కాదప్పుడు అతనిది. తల మీద మురికి పాగా, భుజాన కావడి, కావడికి రెండు పక్కలా అద్దకపు అచ్చుల మూటలు. కోట బురుజుల మీద గద్దలు బారులు తీరి కూర్చున్నాయి. అవి మాంత్రికుడు ఉలూకానందుడి గద్దలు. రాజవంశం వాడెవడైనా పట్నంలో కాలు పెడితే కళ్ళు పొడిచి పట్టుకు రమ్మని వాటికి ఆజ్ఞ. అందుకే ఈ పాగా, ఈ కావడి. అతని ముందు చేతులూపుకుంటూ నడుస్తున్న నడివయసు మనిషి నాంచారి. గుడ్డల మీద అద్దే కొయ్య అచ్చులు చెక్కడం ఆమె పని.

అచ్చులు చెక్కే మనిషికి దెయ్యాల పట్నంలో ఏం పని అంటారేమో. మంత్రగాళ్ళు వచ్చారు, మట్టి కరిచారు. సేనాపతులు వచ్చారు, నిలువునా రాళ్ళయ్యారు. చివరికి రాజమాతే అంది కొడుకుతో: "జాతర పందిరికి కట్టే చాందినీ గుడ్డలో ఎవరి దేవుడు నడుమ ఉండాలని ఊళ్ళకు ఊళ్ళు కత్తులు దూసుకుంటే, అందరి చేతా తలా ఒక ముద్ర వేయించి, ఒక్క చాందినీగా కుదిర్చిన మనిషి ఉంది. ఇది కత్తితో తెగే చిక్కు కాదు నాయనా. ఆమెను తీసుకుపో." అక్కడ రాయైపోతున్నది మరి రాజమాత కడుపున పుట్టిన బిడ్డే. యువరాజు అక్క, ఆ పట్నాన్ని ఏలుతున్న హేమలేఖాదేవి.

"సాంబా, కావడి ఊపకు. అచ్చుల అంచులు విరుగుతాయి," అంది నాంచారి. దారిలో అతనికి ఆమె పెట్టిన పేరు అది.

"మిక్కిలి బరువుగా ఉన్నది, నాంచారమ్మా."

"మిక్కిలి అనమాకు. కావడి మోసేవాడు సచ్చేంత బరువు అంటాడు."

"సచ్చేంత బరువు," అన్నాడు యువరాజు బుద్ధిగా.

ఆ మాట నోట్లో ఉండగానే పక్కనున్న తలుపు ఓరగా తెరుచుకుంది. ఒక బలమైన చెయ్యి నాంచారి జబ్బ పట్టుకుని లోపలికి లాగింది. కావడితో సహా యువరాజూ వెనకే దొర్లాడు. తలుపు గడియ పడింది.

"చావడానికొచ్చారా ఇద్దరూ? నెత్తి మీద పొద్దు కనబడట్లా?" అంది లాగిన మనిషి. కుమ్మర వీధి పెద్ద కోటమ్మ ఆమె. చేతులకింకా తడి బంకమన్ను అంటుకునే ఉంది. "చెవుల్లో దూది పెట్టుకోండి. ఏం వినబడ్డా పలక్కండి."

నాంచారి దూది పుచ్చుకుంది గాని పెట్టుకోలేదు. తలుపు చెక్కకు చెవి ఆనించింది.

ముందు ఏమీ లేదు. తర్వాత, ఎండలో ఎండుటాకులు దొర్లినట్టు, ఎన్నో పాదాల చప్పుడు. ఆ చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఒక ముసలాయన గొంతు, బాగా అలిసిపోయిన గొంతు, తలుపుకి అవతల ఆమె చెవికి ఎదురుగా అంది:

"అమ్మా, దారి ఎటు? కాళ్ళు లాగేస్తున్నాయి తల్లీ."

నాంచారి పెదవులు కదిలాయి. కోటమ్మ చప్పున ఆమె నోరు మూసింది. ఆ గొంతు కాసేపు ఎదురుచూసింది. పక్కింటి తలుపు దగ్గరకు వెళ్ళి అదే అడిగింది. ఆ పక్కింటి దగ్గరా అదే.

ఎండ కాస్త వాలి, గడపల కింద నీడలు మళ్ళీ మొలిచాకే కోటమ్మ చెయ్యి తీసింది.

"పలికితే ఏమవుతుంది?" అని అడిగింది నాంచారి.

"మీ ఊళ్ళో ఎట్టాగో నాకు తెలీదు. మా పట్నంలో దారి అడిగినవాడికి చెయ్యి చూపి ఊరుకుంటే మర్యాద కాదు. వెంట నడిచి దారిన పెట్టి రావాలి. తాతలనాటి కట్టుబాటు. పలికామా, వెంట పోవాల్సిందే. పోయినవాళ్ళు నాలుగు బాటల కూడలిలో ఉన్నారు, పోయి చూసుకోండి."

వెళ్ళి చూశారు.

ఆ కూడలి ఒకప్పుడు పూల అంగడి. ఇప్పుడు అక్కడ మనుషులు నిలబడి ఉన్నారు. కొందరు నిలువునా రాయి. కొందరు మోకాళ్ళ దాకా. ఒక్కొక్కరి కుడి చెయ్యి కాస్త ముందుకు చాచి, ఎవరినో వేలు పట్టి నడిపిస్తున్నట్టు వేళ్ళు ముడిచి ఉంది. ఆ వేళ్ళ పక్కన ఎవరూ లేరు. అందరి నడుమా, పట్టుచీర కుచ్చిళ్ళు కూడా రాతి మడతలైపోయి, నడుం దాకా రాయై నిలబడింది హేమలేఖాదేవి.

"కావడివాడా," అంది ఆమె. తమ్ముణ్ణి గుర్తుపట్టింది, బురుజు మీది గద్దలనూ చూసింది. అందుకే ఆ పిలుపు. "కన్నీళ్ళు తుడుచుకో. చెమటనుకుంటారులే."

అతను పాగా కొసతో మొహం తుడుచుకున్నాడు.

"ఒక అవ్వ దారి అడిగింది," అంది హేమలేఖ మెల్లగా. "రామ్మా అన్నాను. గాజుల వీధికి తీసుకెళ్ళాను, అడ్డు. గానుగ వీధికి వెళ్ళాం, అడ్డు. ఏ వీధికి పోయినా ఆమెకు గోడ తగిలినట్టే. తిరిగి తిరిగి ఇక్కడికొచ్చి పడ్డాం. దారిన పెట్టకుండా నేను కదలకూడదు. కదలకుండా ఉంటే మధ్యాహ్నం మధ్యాహ్నానికీ రాయి పైకి వస్తోంది."

"ఆ అవ్వ ఎక్కడమ్మా?" అంది నాంచారి.

"ఇదిగో, నా వేలు పట్టుకునే ఉంది. చెయ్యి చాలా చల్లగా ఉంది."

ఉదయభద్రుడు ఆ వేళ్ళ పక్కకు చూశాడు. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు.

ఈ అడ్డులేమిటో కోటమ్మే చెప్పింది. వెనకటి రోజుల్లో చచ్చిపోయినవాళ్ళు మధ్యాహ్నప్పూట పట్నం మీదుగా ఏటివాకిలి దాటి పోతుండేవారట. ఎవరికీ కనపడకుండా, ఎవరి జోలికీ రాకుండా. ఒకసారి గాజుల వీధిలో ఒక బిడ్డకి జ్వరం తగిలింది. చచ్చినవాళ్ళ నీడ తొక్కిందన్నారు. ఆ వీధివాళ్ళు ఉలూకానందుణ్ణి పిలిచి కట్టు కట్టించుకున్నారు. ఏ సందు మొదట్లో మేకు దిగ్గొట్టాలో, ఏ మలుపులో సున్నంగీత గీయాలో ఆయన చెప్పాడు. నిజంగానే ఆ వీధికి నీడలు రావడం మానేశాయి. అక్కడ ఆగినవి పక్క వీధి మీద పడ్డాయి. పక్క వీధివాళ్ళూ కట్టు కట్టించుకున్నారు. అలా వీధి వెంట వీధి. ఎవరి కట్టు వాళ్ళది, పరాయి వీధివాడి కంట పడితే దాని బలం పోతుందని ఉలూకానందుడి మాట. అందుకని పక్క వీధి కట్టు ఎలా ఉందో ఈ వీధికి తెలియదు.

"ఉలూకానందుడు మోసగాడు," అన్నాడు ఉదయభద్రుడు.

"మోసమెక్కడుందిరా అబ్బీ? అడిగింది ఇచ్చాడు. మా కట్టు బ్రహ్మాండంగా పనిచేస్తోంది," అంది కోటమ్మ.

నాంచారి ఆ సాయంత్రమే కోట బురుజు దిగువన ఉన్న మేడ ఎక్కి పట్నాన్ని పైనుంచి చూసింది. రాత్రంతా దివ్వె పెట్టుకుని టేకు చెక్క మీద ఒక అచ్చు చెక్కింది. ఆహా, ఏం అచ్చు అది. కూడలి నుంచి ఏటివాకిలి దాకా ఒకే తీగ, తీగకి రెండు పక్కలా ఆకులు, ఆకాకునా ఒక దీపం. తెల్లవారేసరికి వీధి వీధికీ దాని ముద్ర వేసిన గుడ్డముక్కలు పంచింది. గుమ్మాలకు కట్టుకోండి, నీడలకు దారి తెలుస్తుంది అని చెప్పింది. ఇంత దూరం వచ్చిన మనిషి మాట కాదనలేక అందరూ కట్టుకున్నారు.

ఆ మధ్యాహ్నం పట్నం ఎన్నడూ వినని కేకలు విన్నది. గుమ్మాల మీద దారి కనబడుతోంది, అడుగేస్తే గోడ తగులుతోంది. నీడలు గోడలకేసి కొట్టుకున్నాయి. గాజుల వీధిలో బట్టీలో ఉన్న గాజులన్నీ వాటంతటవే పగిలాయి. గానుగ వీధిలో ఎద్దు లేకుండానే గానుగ గిర్రున తిరిగింది. పొద్దు వాలాక పరుగు పరుగున కూడలికి పోయి చూస్తే, హేమలేఖకు రాయి భుజాల దాకా వచ్చేసింది. ఇంకొక్క మధ్యాహ్నం గడిస్తే అది నోటిని మూసేస్తుంది.

ఉదయభద్రుడు కావడిబద్ద పట్టుకుని ఉలూకానందుడు ఉండే గోపురం వైపు నడవబోయాడు. నాంచారి అడ్డం తిరిగింది.

"వాణ్ణి చంపితే వీధుల కట్లు ఊడతాయా?"

"ఊడవు."

"మరి కూచో." ఆమె తన అచ్చును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "బొమ్మ బాగానే ఉంది. పనికిరాలేదు."

"ముద్దొచ్చేట్టు ఉంది," అంది కోటమ్మ. "కానీ అమ్మా, మా సందుల్లో నువ్వు ఒక్క పూటన్నా నడిచావా? మేడ మీంచి చూస్తే పందిదొడ్డి కూడా పల్లకీలాగే కనబడుద్ది."

నాంచారికి కోపం రాలేదు. చెక్కను పొయ్యి పక్కన పెట్టి, పైట నడుముకి దోపుకుని బయల్దేరింది. పొద్దుగూకేదాకా ఏ అరుగు కనబడితే ఆ అరుగు మీద కూర్చుంది. మీకేం మందు కావాలి అని అడగలేదు. మీకేం వినబడుతుంది అని అడిగింది. అందరూ మొదట ఒకే మాట అన్నారు, అరుపులు, భయంకరమైన అరుపులు అని. ఏమని అరుస్తారు, ఒక్కసారి అచ్చం అలాగే అని చూపించండి అంటే మాత్రం, ఒక్కొక్కరూ తడబడి, గొంతు తగ్గించి, ఒకటే చెప్పారు.

"దారి ఎటు అంటారమ్మా."

చెప్పి, తామన్న మాట తామే విని, నోరు తెరుచుకుని కూర్చున్నారు. ఇన్నాళ్ళూ తరిమెయ్యడం ఎలా అనే ఆలోచించారు గాని, వాళ్ళు ఏమడుగుతున్నారో ఎవరూ చెవిన వేసుకోలేదు. గానుగ వీధిలో ఒక ముసలామె కళ్ళొత్తుకుంది. "మా ఆయన గొంతు అందులో ఉంది. దూది పెట్టుకున్నా వినబడుద్ది. ఆయనకి మోకాళ్ళ నెప్పులు," అంది.

మర్నాడు కోడి కూసేసరికి కోటమ్మ వాకిట్లో అన్ని వీధుల పెద్దలూ పోగయ్యారు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చున్నారు. వాకిట్లో నాంచారి ఒక పాత గుడ్డ పరిచింది. చిరుగులూ మరకలూ ఉన్న పాత గుడ్డ. దాని పక్కన సొరకాయలు కుప్ప పోసింది.

"మీ మీ వీధి కట్టు సొరకాయ ముక్క మీద గాటు పెట్టి, రంగులో ముంచి, ఈ గుడ్డ మీద అద్దండి," అంది.

గానుగ వీధి పెద్ద అప్పలకొండ లేచి నిలబడ్డాడు. నిలువెత్తు మనిషి, మీసాలకు కూడా నూనె. "కట్టు బయటపెడితే బలం పోద్ది. మా వీధిని చంపుదామనా?"

"నడుమ ఏముందో నాకొద్దు అన్నా. మీ మేకులు, మీ గీతలు మీ దగ్గరే పెట్టుకోండి. అంచు ఒక్కటే వేయండి. పక్క వీధితో కలిసేచోట ఎక్కడ మూశారో అక్కడ నల్లగా, ఎక్కడ వదిలారో అక్కడ తెల్లగా."

"అంచుతో ఏం తెలుస్తది?"

"మా అద్దకంలో ఏ అచ్చుకా అచ్చు బంగారంలా ఉంటుంది. గుడ్డ చెడేది అచ్చూ అచ్చూ కలిసే అతుకు దగ్గరే."

"మాకు చెక్కడం రాదు."

"అందుకే టేకు తేలేదు, సొరకాయ తెచ్చాను. తప్పు పోతే పులుసు పెట్టుకోవచ్చు."

ఎవరో కిసుక్కున నవ్వారు. కోటమ్మ మొదట కత్తి అందుకుంది. తర్వాత గాజుల వీధి. అప్పలకొండ చివరిదాకా మీసం నిమురుతూ నిలబడి, ఎవరూ తనవైపు చూడడం లేదని తెలిశాక, చతికిలబడి ఒక ముక్క కోశాడు. సొరకాయ ముద్రలు వంకరటింకరగా, రంగు కారుతూ, ఒకదాని పక్కన ఒకటి గుడ్డ నిండా పడ్డాయి.

పడ్డాక అందరూ లేచి చుట్టూ నిలబడ్డారు.

ప్రతి వీధీ నీడలు తప్పుకుపోవడానికి ఒక తెలుపు వదిలింది. ప్రతి తెలుపుకీ ఎదురుగా పక్క వీధి నలుపు ఉంది. కుమ్మర వీధి వదిలినచోట సాలెల వీధి మూసింది. సాలెల వీధి వదిలినచోట గానుగ వీధి మూసింది. గుడ్డ మొత్తం మీద చీమ పోవడానికి కూడా సందు లేదు. నడుమ ఒక్కటే ఖాళీ మిగిలింది. రాళ్ళైన మనుషులున్న ఆ కూడలి.

"మనమే," అన్నాడు అప్పలకొండ.

ఆ క్షణాన ఆకాశం చీకటయింది. గద్దలు. బురుజుల మీది గద్దలన్నీ ఒక్కుమ్మడిగా వాకిట్లోకి దిగాయి. వాటి రెక్కల గాలికి కుండలు దొర్లాయి, పాగాలు ఎగిరాయి. గోళ్ళన్నీ గుడ్డ కోసమే. ఉదయభద్రుడు కావడిబద్ద ఎత్తి గిరగిరా తిప్పాడు. ముందుకు దూకాడు, పక్కకు వాలాడు, మోకాలి మీద తిరిగి వెనక వచ్చిన గద్దను ముక్కు మీద కొట్టాడు. కావడివాళ్ళు అలా కొట్టరు. రాజుల సాముగరిడీలో తప్ప ఆ దెబ్బలు ఉండవు. ఒక ముసలి గద్ద అది కనిపెట్టి కీచుమంది. దానితో వీధి మొగదల నల్లని పొగ లేచింది. పొగలో గుడ్లగూబ కళ్ళతో, ఎండిన తాటిబోదెలాంటి ఒళ్ళుతో ఉలూకానందుడు నిలబడ్డాడు. వీధిలోకి మాత్రం అడుగు వేయలేదు.

"వచ్చావా యువరాజా," అన్నాడు. "అక్కకు తోడు బొమ్మగా నిలబెడతాను, ఆగు."

"లోపలికి వచ్చి నిలబెట్టు," అన్నాడు ఉదయభద్రుడు.

మాంత్రికుడు పళ్ళికిలించాడు. దారి దొరకని వాళ్ళ ఊపిరి తాగి బతుకుతున్నవాడు అతను. సగం నీడే. తను కట్టిన కట్టు తనకూ అడ్డమే. "మీరంతా వినండి," అన్నాడు పెద్దలతో. "నేను ఎవరికీ అబద్ధం చెప్పలేదు. ఎవరడిగింది వాళ్ళకిచ్చాను. కట్లు విప్పుతారేమో, విప్పండి. నీడలకు తెరుచుకున్న దారి నాకూ తెరుచుకుంటుంది. ముందు మీ పిల్లల గదుల్లోకే వస్తాను."

చెయ్యి విదిలించాడు. గద్దలు గుడ్డను నాలుగు కొసలా పట్టి పైకి ఎత్తుకుపోయాయి. పొగ విడిపోయింది.

అప్పలకొండ ఎగిరిపోతున్న గుడ్డ వైపు చూశాడు. "పోతే పోనీ," అన్నాడు. "నా అంచు నా చేత్తోనే కోశాను. మరిచిపోతానా ఏం?"

ఎవరి అంచు వాళ్ళకు గుర్తుంది. పక్కవాడి అంచు కూడా గుర్తుంది. అసలు భయం ఇప్పుడు మొదలైంది. విప్పితే ఆ పిశాచి వస్తాడు. విప్పకపోతే కూడలి నిండి, ఒక్కొక్క ఇంటి నుంచీ ఒక్కొక్కరు రాయవుతారు. ఒక్క వీధే విప్పితే ఆ వీధి మీదే అంతా పడుతుంది.

"మా మీదుగానే ఎందుకు పోవాలి, సాలెల వీధిలోంచి పోవచ్చుగా," అని ఒకరు. "మాకు మగ్గాల గుంతలున్నాయి, పడతారు" అని ఇంకొకరు. "చచ్చినోళ్ళు గుంతలో పడితే ఏమవుద్దయ్యా, మళ్ళీ చస్తారా" అని మూడోవారు. నాంచారి తీర్పు చెప్పలేదు. అరిచి అరిచి వాళ్ళే అలిసిపోయాక, తలా ఒక సందు ఇస్తే ఏ వీధికీ మోయలేని బరువు పడదని వాళ్ళే తేల్చారు. "వాడు వస్తే ఒక్కడే వస్తాడు, మనం ఊరంతా ఉన్నాం," అంది కోటమ్మ. మేకులు పీకడం మొదలైంది.

"ఇక మధ్యాహ్నం కోసం కాచుకుందాం," అన్నాడు యువరాజు.

"నిన్న చేసిన తప్పు అదే కదా. కాచుకోవడం కాదు, ఇప్పుడే తోలి చూద్దాం," అంది నాంచారి. "పట్నంలో మందగా నడిచేవి, తెలివితక్కువగా నడిచేవి ఏమున్నాయి?"

"బాతులు," అంది కోటమ్మ.

బాతుల మందను కూడలి దగ్గర వదిలారు. అవి గోలగా అరుస్తూ సాలెల వీధి సందు దాటాయి, గాజుల వీధిలో మలుపు తిరిగాయి, గానుగ వీధికి వచ్చి టక్కున ఆగిపోయాయి. అక్కడ గానుగాడగా మిగిలిన తెలగపిండి ఆరబోసి ఉంది. తినడం మొదలుపెట్టాయి. వెనకవచ్చినవి ముందువాటిని ఎక్కి తొక్కి, సందంతా ఈకలు.

"నా తెలగపిండి," అన్నాడు అప్పలకొండ.

"ఆ ముసలాళ్ళకి కూడా ఆకలి వేస్తే ఇక్కడే ఆగుతారు, మామా," అంది గాజుల వీధి కోడలొకతె.

తెలగపిండి ఎత్తేశారు. రెండోసారి తోలితే ఇరుకు మలుపు దగ్గర బాతులు చెల్లాచెదురయ్యాయి. ఎటు తిరగాలో వాటికి తోచలేదు. అప్పుడు కోటమ్మకు తట్టింది. మలుపు మలుపునా ఒక నిండు కుండ, మూతి తిరగవలసిన వైపుకి వాల్చి, నీళ్ళు సన్నగా కారేట్టు పెట్టించింది. నీటి వెంటే బాతులు జరజరా ఏటివాకిలికి పోయి ఏట్లో దూకాయి. దాహంతో నడిచేవాళ్ళకు అంతకంటే ఏం గుర్తు కావాలి. నాంచారి అచ్చులో ఆకులున్నాయి, దీపాలున్నాయి, నీళ్ళు లేవు. ఆమె ఆ కుండల వైపు చూసి, "ఇది నాకు తట్టలేదు," అంది కోటమ్మతో.

పొద్దు నడినెత్తికి వచ్చింది.

ఎన్నో ఏళ్ళ తర్వాత మొదటిసారి ఆ వేళకి నీరెండ పట్నం తలుపులు తెరిచింది. జనం గడపల్లో నిలబడ్డారు. మనుషుల నీడలు మాయమయ్యాయి. వీధి నేల మీద మాత్రం నీడలు పడ్డాయి, మనుషులు లేని నీడలు. చేతికర్ర నీడ, వంగిన నడుము నీడ, చంకలో బిడ్డ నీడ. తెల్లని ఎండలో నల్లగా, ఒకదాన్ని ఒకటి తోసుకోకుండా, కుండ కుండ దగ్గరా కాస్త వంగి, లేచి, కదిలిపోతున్నాయి. గానుగ వీధి ముసలామె గడప దిగి, కాళ్ళీడ్చుకుంటూ పోయే ఒక నీడ పక్కన మెల్లగా నడిచింది. "నెమ్మదిగా," అంది దానితో. "తొందరేం లేదు."

కూడలిలో రాయి పగిలింది. పాదాల దగ్గర మొదలై పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. నిలబడ్డవాళ్ళు ఊపిరి తీసుకున్నారు. చాచిన చేతుల పక్కన ఇప్పుడు నీడలు కనబడ్డాయి. ఎవరి అతిథిని వాళ్ళు వేలు పట్టుకుని నడిపించారు.

అప్పుడు వచ్చాడు ఉలూకానందుడు. చెప్పినట్టే, తెరిచిన సందులోకి పొగలా దూరి, ఒక ఇంటి గడప మీద చెయ్యి వేశాడు. ఉదయభద్రుడు బద్ద ఎత్తి పరుగెత్తాడు. అతను చేరేలోపే నీడలు చేరాయి. అవి మాంత్రికుణ్ణి కొట్టలేదు, పట్టుకోలేదు. వాటి దారిలో అతను అడ్డుగా నిలబడ్డాడు, అంతే. వరద నీటిలో ఎండు దుంగ లేచినట్టు అతని కాళ్ళు నేల విడిచాయి. గోడలు పట్టుకోబోయాడు, గోళ్ళు జారాయి. మేకులు లేవు, గీతలు లేవు. గుడ్లగూబ అరుపు ఒకటి వీధుల వెంట దూరమై, ఏటివాకిలి అవతల మంచులో కలిసిపోయింది.

ఏటివాకిలి దగ్గర నీళ్ళ మీద ఆ మిట్టమధ్యాహ్నం కూడా పాలలాంటి మంచు. నడిపించి తెచ్చినవాళ్ళు అక్కడ వేళ్ళు విడిపించుకుని నమస్కారం పెట్టి వెనక్కి మళ్ళారు. దారిన పెట్టారు, మర్యాద తీరింది. ఒక్క హేమలేఖ వేలిని మాత్రం అవ్వ వదల్లేదు.

"ఏరు దాటాక ఎటు తల్లీ?" అంది అవ్వ గొంతు.

హేమలేఖ ఏటి వైపు చూసింది. అవతలి గట్టు కనబడలేదు. "తెలీదవ్వా. పద, చూద్దాం," అంది. అని, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి నీళ్ళలోకి కాలు వేసింది.

"అక్కా," అని ఉదయభద్రుడు ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని లాగాడు. అతని వేళ్ళ కింద ఆమె మణికట్టు గరుకుగా మారింది. బూడిదరంగు మచ్చ మోచేతి వైపు పాకింది. రాయి.

"వదులు, తమ్ముడూ."

"అక్కడికి పోయినవాళ్ళు తిరిగి రారు."

"తిరిగి రావడం సంగతి తర్వాత. అడిగింది నన్ను. సగం దారిలో వదిలితే మళ్ళీ అదే రాయిని. ఈసారి నీ చేతిలోనే అవుతాను."

నాంచారి గట్టు మీద నిలబడి ఉంది. మచ్చ మోచెయ్యి దాటింది. ఉదయభద్రుడు అక్క మొహం చూశాడు, ఆ మొహంలో భయం ఉంది, అయినా కాలు వెనక్కి తీయలేదు. అతను చెయ్యి వదిలాడు. రాయి ఇసుకలా రాలిపోయింది.

అతను కావడిబద్ద నాంచారి చేతికిచ్చి, తల మీది పాగా తీసి నడుముకి చుట్టుకున్నాడు. నీళ్ళలోకి దిగి, అక్కకు కుడి పక్కన, నీళ్ళ మీద పడ్డ ఆ చిన్న వంగిన నీడకు అవతలి వైపుకి వెళ్ళి నిలబడ్డాడు. గాలిలోకి చెయ్యి చాచాడు.

"అవ్వా, ఈ చెయ్యి కూడా పట్టుకో," అన్నాడు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత, బావి అడుగున రాయిలా చల్లగా, ఎముకలే మిగిలిన వేళ్ళు అతని వేళ్ళలోకి దూరాయి. ముగ్గురూ నడిచారు. మంచు వెనక నుంచి మూసుకుంది. గట్టు మీది మాటలు ముందు సన్నబడ్డాయి, ఆ తర్వాత లేవు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి.

"వెచ్చగా ఉన్నావు నాయనా," అంది అవ్వ. "చూసుకుని దిగు. ఇక్కడ మెట్టుంది."

ఉదయభద్రుడు కాలితో తడిమి చూశాడు. నీళ్ళ కింద నిజంగానే మెట్టు ఉంది. దాని కింద ఇంకొకటి ఉంది.